అమ్మమ్మ ఫొటోలో అలలు: ఒక ప్రాజెక్టు డైరీ

1966లో మెరీనా బీచ్‌లో తీసిన అమ్మమ్మ ఫొటో ఒకటి మా ఇంట్లో ఉంది. నలుపు తెలుపు, రెండుంబావు అంగుళాల చదరం. సముద్రానికి వీపు పెట్టి, ఎండకి కళ్ళు చిట్లించి నిలబడి ఉంటుంది. ఆ ఫొటోలో వెనకున్న సముద్రం ఒక్కటే కదలాలి, ఇంకేదీ కదలకూడదు. ఇదీ పని. అమ్మమ్మ వెయ్యి పున్నములు చూసిన వేడుక, సహస్ర చంద్ర దర్శనం నాడు హాల్లో పెద్ద తెర మీద వేయడానికి ఒక వీడియో, చుట్టాలకి పంపడానికి ఒక జిఫ్ (కదిలే బొమ్మ ఫైలు), ఒక వాట్సాప్ స్టికర్ కావాలి. వెయ్యి పున్నములంటే 29.53 రోజుల చొప్పున 29,530 రోజులు, దాదాపు 80 ఏళ్ళ 10 నెలలు. ఆ లెక్కన నా చేతిలో ఆరు వారాలున్నాయి.

సామాను: 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్, ఫొటోలు దిద్దే గింప్ 2.10, వీడియోలు కలిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. రెండు సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. మేముండేది చెన్నై వడపళనిలో. పాత ఫొటోతో ఇలాంటిది చేద్దామనుకునే వాళ్ళకి నేను పోగొట్టుకున్న గంటలు మిగలాలని అన్నీ రాసి పెడుతున్నాను.

దశ 1: స్కానింగ్

ముందు ఆల్బమ్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టే ఫోన్‌తో తీశాను. ఫొటో అంచులు వంపు తిరిగి ఉండటంతో కుడివైపు ట్యూబులైటు మెరుపు పడింది. అది పనికిరాలేదు. ఫొటోని మూలల నుంచి జాగ్రత్తగా ఊడదీసి, వీధి చివర జిరాక్స్ షాపులో స్కాన్ చేయించాను.

ఇక్కడే పెద్ద తప్పు జరిగింది. నలుపు తెలుపు ఫొటోయే కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేయమన్నాను. ఆకాశంలో గోరంత పసుపు మరక ఒకటుంది. గ్రేస్కేల్‌లో అది బూడిదరంగు మబ్బులా అతుక్కుపోయింది. దాన్ని చెరిపితే ఆకాశం కూడా చెరిగిపోతోంది. మర్నాడు మళ్ళీ వెళ్ళి రంగుల్లో చేయించాను. అప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు చానెళ్ళనూ విడివిడిగా చూస్తే విషయం అర్థమైంది. పసుపు మరక నీలం చానెల్‌లో నల్లగా కనిపిస్తుంది, ఎరుపు చానెల్‌లో దాదాపు కనిపించదు. మరక పసుపురంగుదైతే, ఎరుపు చానెల్ ఒక్కటీ ఉంచుకుంటే సగం పని అయిపోయినట్టే.

1. నలుపు తెలుపు ఫొటో అయినా రంగుల్లోనే స్కాన్ చేయించండి. టిఫ్ ఫైలు అడగండి, జేపెగ్ వద్దు.
2. 1200 డీపీఐ (అంగుళానికి 1200 చుక్కలు) అడగండి. రెండుంబావు అంగుళాలకి 2700 పిక్సెళ్ళు వస్తాయి.
3. గింప్‌లో కలర్స్ మెనూలో మోనో మిక్సర్ తీసి ఎరుపు 1, మిగతా రెండూ 0 పెట్టండి.

ఇప్పటికి: 3 గంటలు, 60 రూపాయలు.

దశ 2: శుభ్రం చేయడం

ఆకాశంలో అడ్డంగా ఒక మడత గీత, ఇసుక మీద చుక్కలు, ఎడమ మూల చిన్న చిరుగు. అన్నిటికీ హీల్ టూల్ (పక్కనున్న చోటుతో మరకని కప్పేది) సరిపోయింది. బ్రష్‌ని మరక కన్నా కొంచెం పెద్దదిగా, అంటే 20 నుంచి 30 పిక్సెళ్ళు పెట్టుకుంటే అతుకు తెలియదు. పెద్ద బ్రష్‌తో ఒకేసారి రుద్దితే ఆ చోట గ్రెయిన్ (ఫిల్ము ఫొటోలో ఉండే సన్నటి రవ్వలు) పోయి, మైనం పూసినట్టు నున్నగా అవుతుంది.

ఒక్క పని మాత్రం మొదటి నుంచీ పద్ధతిగా చేశాను. దిద్దుబాట్లన్నీ స్కాన్ మీద కాకుండా, పైన ఒక ఖాళీ లేయర్ (పారదర్శక పొర) పెట్టి, కింది పొరల్నీ చూసే శాంపిల్ మెర్జ్‌డ్ టిక్ చేసి దాని మీదే చేశాను. అది ఎందుకు పనికొచ్చిందో దశ 5లో చెప్తాను.

ఫొటో అడుగున ఇసుక మీద ఒక నల్లటి నీడ ఉంది. తీసిన మనిషి నీడ ఫ్రేములోకి వచ్చేసింది. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్ళు ఇది తప్పంటారు కదా, నలభై నిమిషాలు కూర్చుని దాన్ని ఇసుకతో కప్పేశాను.

ఇప్పటికి: 8 గంటలు, 60 రూపాయలు.

దశ 3: ఉన్న సముద్రాన్నే కదిలించబోవడం

ముందు ఫొటోలోని సముద్రాన్నే కదిలిద్దామనుకున్నాను. బొమ్మని అలలా వంచే రిపుల్ ఫిల్టర్‌లో యాంప్లిట్యూడ్ (వంపు ఎత్తు) 6 పెట్టి, ఫేజ్‌ని (వంపు మొదలయ్యే చోటుని) పది మెట్లుగా మారుస్తూ పది ఫ్రేములు చేశాను. లూప్ బాగానే తిరిగింది కానీ అది సముద్రంలా లేదు, గాలికి ఊగే పరదాలా ఉంది. నురగ ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతోంది. దానికితోడు దూరాన నీళ్ళు ఆకాశాన్ని కలిసే గీత కూడా వంకర తిరుగుతోంది. యాంప్లిట్యూడ్ 2కి తగ్గిస్తే కదలికే తెలియలేదు. అల పుట్టాలి, విరగాలి, ఇసుక మీదికి పాకాలి. ఒక్క ఫొటోలో ఆ సమాచారం లేదు, ఏ ఫిల్టరూ దాన్ని పుట్టించలేదు.

మధ్యలో మా పిన్ని కొడుకు ఫోన్ యాప్ ఒకటి తెచ్చాడు. ఫొటో ఇస్తే మనిషి రెప్పలు ఆర్పి నవ్వుతుంది. అమ్మమ్మ నవ్వింది, కానీ ఆ పళ్ళ వరుస ఆమెది కాదు. అమ్మ ఒక్కసారి చూసి, "ఇది మా అమ్మ కాదే" అని ఫోన్ తిరిగి ఇచ్చేసింది. ముఖం జోలికి వెళ్ళకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ ప్రాజెక్టులో మెడ పైన ఒక్క పిక్సెల్ కూడా కదలలేదు.

ఇప్పటికి: 12 గంటలు, 60 రూపాయలు.

దశ 4: మెరీనాలో అలలు తీయడం

అలలు ఇప్పటివి తెచ్చి పాత ఫొటోలో పెట్టడమే దారి. రిచీ స్ట్రీట్‌లో 900 రూపాయలకి ఒక ట్రైపాడ్ కొన్నాను.

మొదటిసారి తెల్లవారుజామున వెళ్ళాను, జనం ఉండరని. ఇంటికొచ్చి కలిపి చూస్తే అస్సలు పొసగలేదు. మెరీనా తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం వైపే ఉంటాడు కాబట్టి నీళ్ళు నల్లగా, మధ్యలో వెండి తునకల్లా మెరుస్తూ ఉన్నాయి. ఫొటోలో ఎండ అమ్మమ్మ ముఖం మీద పడుతోంది, నీడ సముద్రం వైపు వాలి ఉంది. అంటే సూర్యుడు పడమట ఉన్నాడు, అది సాయంత్రం. ఈ సంగతి ఇంట్లోనే ఫొటో చూసి తెలుసుకోవాల్సింది.

రెండోసారి ఆదివారం సాయంత్రం. వెలుతురు కుదిరింది, కానీ నీళ్ళల్లో ఎక్కడ చూసినా జనమే. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి లైట్‌హౌస్ వైపు వెళ్తే ఖాళీగా దొరికింది. ట్రైపాడ్‌ని నా కళ్ళ ఎత్తుకి, అంటే సుమారు 145 సెంటీమీటర్లకి పెట్టి, ఒక్కొక్కటి రెండు నిమిషాల చొప్పున ఆరు వీడియోలు తీశాను. ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయాలి. లేకపోతే తెల్లటి నురగ వచ్చినప్పుడల్లా ఫ్రేమంతా చీకటి పడుతుంది.

ఇప్పటికి: 17 గంటలు, 1,060 రూపాయలు.

దశ 5: నీడ

వీడియో నుంచి సెకనుకు 10 చొప్పున ఫ్రేములు తీసి, గింప్‌లో సముద్రం ఉన్న చోట పెట్టాను. మూడు గంటలు ఎంత సర్దినా ఏదో తేడా కొడుతోంది. దూరపు గీతని సరిగ్గా కలిపితే ఒడ్డు అమ్మమ్మ మోకాళ్ళ కిందికి దిగుతోంది. ఒడ్డుని కలిపితే గీత మెడ దాకా ఎక్కుతోంది. వీడియోని నిలువుగా నొక్కితే అలలు రేకుల్లా పల్చబడుతున్నాయి. ఫొటోలో సముద్రం పట్టీ కన్నా నా వీడియోలో పట్టీ ఒకటిన్నర రెట్లు వెడల్పుగా ఉంది, ఎందుకో అర్థం కాలేదు.

ఆ రాత్రి అమ్మమ్మ పక్కన కూర్చుని చూసింది. సముద్రం గురించి ఏమీ అనలేదు. వేలు పెట్టి ఫొటో అడుగు చూపించింది.

"ఇక్కడ నీడ ఉండాలి కదమ్మా, ఏదీ?"

"అది తీసేవాళ్ళ నీడ అమ్మమ్మా, బాగోలేదని చెరిపేశాను."

"అది మీ తాతయ్య."

కాసేపు నాకు మాట రాలేదు. తాతయ్య ఫొటో అంటూ ఆ రోజుది ఇంకొకటి లేదు. ఆయనే తీశారు కాబట్టి ఆయన ఏ ఫొటోలోనూ లేరు, ఈ నీడలో తప్ప. హీల్ చేసిన లేయర్ వేరుగా ఉంది కాబట్టి ఎరేజర్‌తో అంతవరకు చెరిపితే కింద నుంచి నీడ మళ్ళీ వచ్చింది. అమ్మమ్మ చూస్తుండగానే, ఫొటో అడుగు నుంచి పైకి, తల దాకా. స్కాన్ మీదే దిద్ది సేవ్ చేసి ఉంటే ఇది కుదిరేది కాదు.

నీడని వంద శాతం జూమ్‌లో చూస్తే రెండు మోచేతులూ పక్కలకి పొడుచుకొచ్చి ఉన్నాయి, తల ముందుకి వంగి ఉంది. కెమెరా కంటికి పెట్టుకున్న మనిషి నీడ అలా ఉండదు. అడిగితే చెప్పింది: "రెండు కళ్ళ డబ్బా కెమెరా. ఎవరో స్నేహితుడిది అడిగి తెచ్చారు. బొడ్డు దగ్గర పట్టుకుని పైనుంచి తొంగి చూసేవారు."

నా లెక్క తప్పింది అక్కడే. చదునైన చోట నీళ్ళు ఆకాశాన్ని కలిసే గీత మనిషిని ఏ ఎత్తులో కోస్తుందో, కెమెరా ఆ ఎత్తులోనే ఉన్నట్టు. గింప్ మెజర్ టూల్‌తో కొలిచాను. పాదాల నుంచి తల దాకా 1500 పిక్సెళ్ళు, పాదాల నుంచి గీత దాకా 940. అమ్మమ్మ ఎత్తు అప్పట్లో ఐదడుగులు, 152 సెంటీమీటర్లు. 152ని 940తో హెచ్చించి 1500తో భాగిస్తే 95. తాతయ్య కెమెరా నేల నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, నాది 145లో ఉంది. ఒకటిన్నర రెట్లు ఎందుకు వచ్చిందో తేలింది.

గురువారం సాయంత్రం మళ్ళీ వెళ్ళి, టేపుతో కొలిచి ట్రైపాడ్ 95 దగ్గర బిగించి తీశాను. ఈసారి ఒడ్డూ, గీతా రెండూ ఒకేసారి కుదిరాయి. పాత ఫొటోలో వేరే వీడియో కలపబోయే వాళ్ళు ముందు ఈ రెండూ చూసుకోండి: ఎండ ఏ వైపు నుంచి, కెమెరా ఎంత ఎత్తులో.

ఇప్పటికి: 23 గంటలు, 1,110 రూపాయలు.

దశ 6: కలపడం, లూప్

2700 పిక్సెళ్ళ సైజులో 48 ఫ్రేములు పెడితే లాప్‌టాప్ ఆగిపోయింది. ఒక్కో లేయర్‌కి 2700 × 2700 × 4 బైట్లు, సుమారు 29 ఎంబీ, 48కి 1.4 జీబీ. అన్‌డూ జ్ఞాపకం దాని పైన. మొత్తం ఫొటోని 1080కి తగ్గించి, సముద్రం పట్టీ ఒక్కదాన్నే వేరే ఫైల్లో పెట్టాక హాయిగా నడిచింది.

టోన్ కలపడం: ఫొటోలో సముద్రం బూడిదరంగు (0 నలుపు, 255 తెలుపు) 105కి 215కి మధ్య ఉంది. వీడియోలో 40 నుంచి 255 దాకా పోతోంది. లెవెల్స్‌లో అవుట్‌పుట్ 105, 215 పెట్టాక రెండూ ఒక కాలానివి అయ్యాయి. ఫోన్ వీడియో మరీ కత్తిలా ఉంటుంది కాబట్టి గాసియన్ బ్లర్ 1.2 ఇచ్చాను. 2 ఇస్తే నురగ పాలమీగడలా ఉంది.

జడ కొస దగ్గర మాస్క్ (సముద్రం ఎక్కడిదాకా కనిపించాలో చెప్పే హద్దు) కష్టపెట్టింది. వెంట్రుకలు కత్తిరించినట్టు కాకుండా ఉండాలంటే జడ చుట్టూ మూడు పిక్సెళ్ళ మేర పాత సముద్రాన్నే ఉంచేయండి. టోన్ కలిసి ఉంటుంది కాబట్టి కంటికి దొరకదు. పమిట అంచుకీ ఇదే పద్ధతి.

లూప్‌కి మొదట వీడియోని ముందుకీ వెనక్కీ ఆడించాను. మబ్బులకైతే అది నడుస్తుందేమో. అల మాత్రం విరిగిన నురగని మళ్ళీ మింగి వెనక్కి నిలబడుతుంది. సముద్రం పక్కన పెరిగిన వాళ్ళెవరికైనా ఇది వెంటనే తెలిసిపోతుంది. ఈ పద్ధతి పని చేసింది:

1. 40 ఫ్రేముల లూప్ కావాలంటే వరసగా 48 తీసుకోండి.
2. 41వ ఫ్రేమును 1వ దాని మీద, 42ను 2 మీద, అలా 48ని 8 మీద పెట్టండి.
3. పైనున్న వాటి ఒపాసిటీ (ఎంత గట్టిగా కనిపించాలో) వరసగా 89, 78, 67, 56, 44, 33, 22, 11 శాతం.
4. ఎనిమిది జతలనూ మెర్జ్ చేయండి. 40 తర్వాత వచ్చే 1లో దాదాపు 41 ఉంటుంది కాబట్టి అతుకు కనిపించదు.

గింప్‌లో అన్నిటికన్నా అడుగు లేయరే మొదటి ఫ్రేము. అలలు వెనక్కి పోతున్నట్టుంటే లేయర్ల క్రమం తిరగబడినట్టు. లేయర్ మెనూలో స్టాక్ కింద రివర్స్ లేయర్ ఆర్డర్ ఉంది.

ఇప్పటికి: 29 గంటలు, 1,110 రూపాయలు.

దశ 7: జిఫ్ బరువు

జిఫ్‌కి ఒక్కో ఫ్రేములో 256 రంగులే. రంగుల ఫొటోలు దీని వల్లే మచ్చలు మచ్చలుగా తయారవుతాయి. నలుపు తెలుపుకి ఆ బాధ లేదు, 8 బిట్ గ్రేలో ఉండేవే 256 మెట్లు. నా సమస్య వేరే, సైజు.

మొదటి ప్రయత్నం: 900 పిక్సెళ్ళు, 40 ఫ్రేములు, ప్రతి ఫ్రేముకీ కొత్త గ్రెయిన్. 31 ఎంబీ వచ్చింది. పాత ఫిల్ములా ఉండాలని ఫ్రేముకొక గ్రెయిన్ వేశాను, అదే కొంప ముంచింది. జిఫ్ కుదింపు పక్కపక్కన ఒకేలా ఉన్న పిక్సెళ్ళ మీద ఆధారపడుతుంది. గ్రెయిన్‌లో ఏ రెండు పిక్సెళ్ళూ ఒకేలా ఉండవు. పైగా మొత్తం ఫ్రేము మారుతోంది కాబట్టి, మారని భాగాన్ని తీసేసే ఆప్టిమైజ్ ఫర్ జిఫ్ కూడా ఏమీ తగ్గించలేకపోయింది.

రెండోది: 640 పిక్సెళ్ళు, అదే గ్రెయిన్. 15.8 ఎంబీ.

మూడోది: ఇసుక, ఆకాశం, అమ్మమ్మ, నీడ, అన్నీ మొదటి ఫ్రేములో ఒక్కసారే. మిగతా 39లో సముద్రం పట్టీ మాత్రమే, 640 × 140. లేయర్ పేర్లలో కంబైన్ అని పెట్టాలి, అంటే కింది ఫ్రేము మీదే పరచమని. గ్రెయిన్ పట్టీ మీద కదలదు. 3.4 ఎంబీ.

నాలుగోది: బూడిదరంగు మెట్లు 256 నుంచి 64కి, డిథరింగ్ (చుక్కలతో మధ్య రంగుల్ని భ్రమింపజేయడం) లేకుండా. 2.1 ఎంబీ. ఆకాశంలో గీతలు పడతాయేమోనని టెన్షన్ పడ్డాను కానీ, స్కాన్‌లో ఉన్న అసలు గ్రెయినే వాటిని కప్పేసింది. ఇక్కడ ఆపేశాను.

వేగం గురించి ఒక మాట. జిఫ్‌లో సమయం సెకనులో వందో వంతుల్లో రాస్తారు. 33 మిల్లీసెకన్లని టైపు చేసినా లోపల 30 అవుతుంది. మరీ తక్కువగా 10 పెడితే బ్రౌజర్లు దాన్ని 100గా తీసుకుని నెమ్మదిగా ఆడిస్తాయి. నేను 100 దగ్గరే ఉంచాను, 40 ఫ్రేములకి సరిగ్గా 4 సెకన్లు.

ఇప్పటికి: 32 గంటలు, 1,110 రూపాయలు.

దశ 8: చంద్రుడి స్టికర్

వాట్సాప్ కదిలే స్టికర్ 512 × 512 పిక్సెళ్ళు, వెబ్‌పీ ఫైలు, 500 కేబీ దాటకూడదు. పాడ్యమి నుంచి పున్నమి దాకా పెరిగే చంద్రుడు, మధ్యలో "వెయ్యి పున్నములు" అనే అక్షరాలు.

తెల్లటి గుండ్రం మీద నల్లటి గుండ్రాన్ని జరుపుతూ 15 ఫ్రేములు చేశాను. నాన్న చూసి, "ఇది గ్రహణంలా ఉందమ్మా, శుభకార్యానికి ఇలా పంపకూడదు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే. గుండ్రం మీద గుండ్రం జరిగితే గ్రహణమే. చంద్రకళల్లో వెలుగు చీకట్ల హద్దు గుండ్రం కాదు, సగం దీర్ఘవృత్తం, దాని రెండు కొసలూ ఎప్పుడూ ధ్రువాల దగ్గరే ఉంటాయి. అష్టమి దగ్గర అది నిటారు గీత అవుతుంది.

తిథి లెక్క సరిగ్గా సరిపోయింది. సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. 15 తిథులకి 180 డిగ్రీలు. చంద్రుడి వ్యాసార్ధం 180 పిక్సెళ్ళయితే హద్దు సగం వెడల్పు, ఆ కోణం కొసైన్‌ని 180తో హెచ్చించినంత. మొదలు 180, తర్వాత వరసగా 176, 164, 146, 120, 90, 56, 19. అక్కడి నుంచి అవే అంకెలు అవతలి వైపుకి. లేయర్లకి పాడ్యమి, విదియ, తదియ అని పేర్లు పెట్టుకున్నాను, ఎక్కడా తికమక పడలేదు. మన ఊళ్ళలో విదియ చంద్రుడు నిలువుగా కాకుండా పడవలా వాలి కనిపిస్తాడు కాబట్టి మొత్తాన్ని 60 డిగ్రీలు తిప్పాను. కృష్ణపక్షం పెట్టలేదు. పున్నమి దగ్గర ఒక సెకను ఆగి మళ్ళీ మొదలవుతుంది.

దీన్ని జిఫ్‌లో చేస్తే అంచుల చుట్టూ తెల్లటి పళ్ళు వచ్చాయి. జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనిపించాలి లేదా పూర్తిగా మాయమవ్వాలి, సగం పారదర్శకం ఉండదు. వెబ్‌పీలో ఆ ఇబ్బంది లేదు. 190 కేబీ వచ్చింది.

ఇప్పటికి: 36 గంటలు, 1,110 రూపాయలు.

దశ 9: హాల్ తెర, అక్షరాలు

హాల్లో తెర నడిపే అతను పెన్‌డ్రైవ్‌లో ఎంపీ4 అడిగాడు. సముద్రం చోట కంత పెట్టి ఫొటోని పీఎన్‌జీగా చేసి, దాన్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో అలల వీడియో పైన పరిచాను. పెద్ద తెర మీద సెకనుకు 10 ఫ్రేములు కుదుపుగా ఉంటాయి కాబట్టి 30 వాడాను, లూప్ అతుకుని, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కరిగించే ఎక్స్‌ఫేడ్ ఫిల్టర్‌కి వదిలేశాను. రెండుసార్లు దెబ్బ తిన్నాను.

1. అంచులు కత్తిరించడంలో వెడల్పు 1077 అయింది, ఫైలే తయారవలేదు. వెడల్పు, ఎత్తు రెండూ సరిసంఖ్యలు కావాలి.
2. తయారైన ఫైలు లాప్‌టాప్‌లో ఆడింది, ఇంట్లో టీవీలో ఆడలేదు. పిక్సెల్ ఫార్మాట్‌ని (రంగుల్ని ఫైల్లో దాచే పద్ధతిని) వైయూవీ 420పీకి మార్చాక ఆడింది.

4 సెకన్ల లూప్‌ని 150 సార్లు తిప్పి 10 నిమిషాల ఫైలు చేశాను. తెర వెడల్పుగా, ఫొటో చదరంగా ఉంటాయి. తెర నిండా పరిస్తే నీడ తెగిపోతుంది. అందుకే పక్కల నలుపు ఉంచేశాను.

అక్షరాలు గింప్‌లో సరిగ్గానే వచ్చాయి. అదే వాక్యాన్ని ఫ్లెక్సీ షాపుకి యూనికోడ్‌లో పంపిస్తే, వాళ్ళ ఫొటోషాప్‌లో "సహస్ర"లో రావత్తు విడిపోయి పక్కన నిలబడింది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకుని, పేరాగ్రాఫ్ పేనెల్లో కూడా అదే కంపోజర్ పెడితే సరిపోయింది. ఫాంట్ రామభద్ర. సన్నటి ఫాంటులో 28 సైజు పెడితే తెర మీద వత్తులు కరిగిపోతున్నాయి. రామభద్రలో 44 పెట్టాను, వెనక వరసకి కూడా కనిపిస్తుంది.

ఇప్పటికి: 39 గంటలు, 1,110 రూపాయలు.

దశ 10: ప్రింటు

ఇది ప్లానులో లేదు. వీడియో అంతా చూశాక అమ్మమ్మ గోడకి పెట్టుకునే ఫొటో ఒకటి అడిగింది, అలలు కదలనిదే. 2700 పిక్సెళ్ళలో ఎనిమిది అంగుళాల చదరం 300 డీపీఐకి 2400, సరిపోతుంది. దశ 2లోని ఫైలే, నీడతో సహా, మడత గీత, మరక లేకుండా. మాట్ కాగితం, 180 రూపాయలు. షాపులో కంప్యూటర్ ముందున్న అబ్బాయి, "మేడమ్, కింద నీడ పడింది, క్రాప్ చేయమంటారా?" అని అడిగాడు. వద్దని చెప్పి, అంచు కూడా కోయకుండా చుట్టూ పావంగుళం తెలుపు వదిలి ప్రింటు తీయించాను.

మొత్తం: 40 గంటలు, 1,290 రూపాయలు.